‘ఏ వర్గానికైనా’ నుంచి ‘అన్ని వర్గాలకూ’: దుర్గాబాయి గారి నాలుగేళ్ల వకీలు వృత్తి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీ అమ్మాయి లా చివరి సంవత్సరంలో ఉంది. చదువు పూర్తికాగానే ప్రజాజీవితంలోకి వెళ్లాలని, ఎప్పటికైనా పార్లమెంటులో కూర్చోవాలని ఆమె కోరిక. పదిహేనేళ్లయినా కోర్టులో నలగనిదే చట్టసభలో నోరు విప్పే అర్హత రాదని మీ అభిప్రాయం. అందుకు ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని ఉదాహరణగా చూపించింది. 1942లో నల్లకోటు వేసుకున్న మనిషి 1946 చివరికల్లా రాజ్యాంగ సభలో ఉన్నారు కదా అంది. నాలుగేళ్ల అనుభవంతో అంతమంది ఉద్దండుల మధ్య ఆమె చేసిందేమిటి, వకీలు కావడం ఆమెకు నిజంగా అక్కరకు వచ్చిందా అని మీరు అడిగారు.

గోదావరి జిల్లాల కోర్టుల్లో ముప్పై ఒక్క ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు నా బల్ల మీద ఎప్పుడూ ఉంటాయి. నా సమాధానం ఇది: అక్కరకు వచ్చింది, చాలా వచ్చింది. కానీ మీరు ఏళ్లు లెక్కపెడుతున్నారు. దుర్గాబాయి గారి విషయంలో చూడవలసింది ఏది ముందు, ఏది వెనుక అన్నది.

ఆ కాలపు పెద్దల్లో ఎక్కువమంది మొదట వకీళ్లు, తర్వాత నాయకులు. టంగుటూరి ప్రకాశం పంతులు గారినే చూడండి. తండ్రి చిన్నతనంలోనే పోతే, తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచింది. రాజమండ్రిలో సెకండ్ గ్రేడు ప్లీడరుగా మొదలై, ఇంగ్లండు వెళ్లి బారిస్టరై, మద్రాసు హైకోర్టులో రెండు చేతులా సంపాదించి, 1921లో ఆ సంపాదనంతా వదిలి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. 1926లో కేంద్ర శాసనసభకు వెళ్లారు. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారిది ఇంకో దారి. నెల్లూరు జిల్లా పుదూరులో అర్చకుల ఇంట పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీకి 1929 నుంచి 1944 వరకు అడ్వొకేట్ జనరల్‌గా పనిచేసి, నలభై ఏళ్ల న్యాయశాస్త్ర పాండిత్యాన్ని వెంటబెట్టుకుని రాజ్యాంగ ముసాయిదా కమిటీలో కూర్చున్నారు. వీళ్లిద్దరికీ చట్టం ముందు వచ్చింది, ప్రజాజీవితం తర్వాత వచ్చింది.

దుర్గాబాయి గారికి చట్టం అన్నిటికన్నా ఆఖరున వచ్చింది. ముందు జీవితం, తర్వాత ఉద్యమం, తర్వాత జైలు, ఆ పైన చదువు, అదంతా అయ్యాక వకాల్తా. కాబట్టి నల్లకోటు వేసుకునేనాటికి ఆమెకు కక్షిదారులు కొత్త కాదు, వాళ్ల ఫైళ్లు మాత్రమే కొత్త.

1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్లిని ఆమె కాపురంగా అంగీకరించలేదు, తండ్రి ఆమె మాటను మన్నించారు. నూరేళ్ల కిందట కోస్తా పట్టణంలో ఒక మధ్యతరగతి ఇంట్లో ఇది జరిగిందంటే ఆ తండ్రికి కూడా చేతులెత్తి దండం పెట్టాలి. వివాహ చట్టం అనేది ఒక ఆడపిల్ల మెడకు ఎలా బిగుసుకుంటుందో ఆమె పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చారు. దుర్గాబాయి వయసు అప్పటికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. గాంధీజీ సభలకు రాని, రానివ్వని ఆడవాళ్లున్నారని ఆ పిల్లకు తోచింది. ఊళ్లోని దేవదాసీలు, పరదాలో ఉండే ముస్లిం స్త్రీలు. వాళ్లతో ఆయన విడిగా మాట్లాడాలని పట్టుబట్టింది. స్థానిక నాయకులు అయిదు వేల రూపాయల నిధి పోగుచేస్తే కొద్ది నిమిషాలు కేటాయిస్తామన్నారట. దేవదాసీ స్త్రీలు ఆ సొమ్ము పోగుచేసి ఇచ్చారు. కొద్ది నిమిషాలనుకున్న ఆ సభలో గాంధీజీ అరగంటకు పైగా మాట్లాడారని, ఆడవాళ్లు గాజులు, గొలుసులు తీసి ఇచ్చారని, అదంతా కలిపి పాతికవేల రూపాయల దాకా అయిందని ఆమె తర్వాత రాసుకున్నారు. ఆ రోజు ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది కూడా ఆ పిల్లే.

ఈ కథను చాలామంది ఆమె ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. నేను ఇందులో ఇంకొకటి చూస్తాను. ‘అందరికీ’ అని పిలిచిన సభలో ఎవరు లేరు అని ఆమె చూసుకుంది. ఇరవై ఏడేళ్ల తర్వాత ఢిల్లీలో ఆమె వేసిన ప్రశ్న కూడా సరిగ్గా ఇదే. అక్కడికి వస్తాను.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపేశారన్న సంగతి మీరు వినే ఉంటారు. టికెట్టు కొనిచ్చాకే లోపలికి పంపారు.

ఇక జైలు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో ప్రకాశం పంతులు గారి వంటి వారితో కలిసి పనిచేసి అరెస్టయ్యారు. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్లారు. మదురై జైల్లో ఏకాంత శిక్ష అనుభవించారు. ఆరోగ్యం బాగా దెబ్బతింది. కానీ మీ ప్రశ్నకు జవాబు వేలూరు, మదురై జైళ్లలోనే ఉంది. అక్కడ హత్య వంటి నేరాలకు శిక్షపడిన ఆడవాళ్లతో ఆమెకు పరిచయమైంది. వాళ్లలో కొందరికి తమ మీద ఉన్న నేరమేమిటో, తాము ఒప్పుకున్నదేమిటో, ఒప్పుకోకపోతే ఏమయ్యేదో తెలియదు. తమ తరఫున మాట్లాడే మనిషి ఉండవచ్చన్న సంగతే తెలియదు. లా చదివి ఇలాంటి వాళ్ల పక్షాన నిలబడాలన్న నిర్ణయం ఆ గోడల మధ్యే పుట్టింది.

ఇది ఎంత నిజమో నాకు ఇరవై ఏళ్ల కిందట అనుభవంలోకి వచ్చింది. న్యాయసహాయం తరఫున ఒక మహిళా జైలుకు వెళ్లేదాన్ని. నలభై ఏళ్ల మనిషి ఒకావిడ, కొంగు చివర ఒక కాగితం మడిచి ముడివేసుకుని ఉంది. విప్పి చూపించింది. తన వాంగ్మూలం నకలు. కింద వేలిముద్ర, సిరా కొంచెం పక్కకు జారి ఉంది. ‘ఇందులో ఏముందమ్మా’ అని అడిగితే, ‘ఇంటికి పంపిస్తామని రాశారటండి’ అంది. నేను ఆ కాగితం చదివి వినిపించలేకపోయాను, కాసేపటికి గాని గొంతు పెగల్లేదు. ఆ రోజు ఇంటికి వచ్చి దుర్గాబాయి గారి జైలు అనుభవాలు మళ్లీ తీసి చదివాను. ఆమె చూసిన ఆడవాళ్లు, నేను చూసిన ఆవిడ, మధ్యలో డెబ్బై ఏళ్లు. నాకూ ఆమెకూ తేడా ఏమిటంటే, నేను చదువుకున్నాక ఆ కాగితం చూశాను. ఆమె ఆ కాగితాలు చూశాక చదువుకున్నారు.

చదువు కూడా ఆమెకు ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు. ఇరవై నాలుగేళ్లు దాటాక బెనారస్ మెట్రిక్కు కట్టారు. ఇంటర్ కూడా అక్కడే. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చదవాలనుకుంటే, ఆడపిల్లలకు హాస్టలు లేదు కాబట్టి సీటు ఇవ్వలేమని వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు అన్నారు. ఆమె వాదనకు దిగలేదు. ఇదే కారణంతో ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే రండి అని పత్రికలో ప్రకటన ఇచ్చి, వచ్చినవాళ్లను కూడగట్టి, తామే ఒక వసతి ఏర్పాటు చేసుకున్నారు. ఆ తర్వాత కాదనడానికి కారణమేమీ మిగలలేదు. కోర్టులో అవతలి పక్షం ఒకే ఒక్క అభ్యంతరం మీద నిలబడితే, మంచి ప్లీడరు దాన్ని ఖండించడానికి గంటసేపు మాట్లాడడు, దాని కింద ఉన్న నేలను తీసేస్తాడు. వకీలు కాకముందే ఆమెకు ఆ విద్య వచ్చు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను మొదలుపెట్టారు. చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లను పరీక్షలకు తయారుచేయడం దాని తొలి పనుల్లో ఒకటి. 1942లో మద్రాసు బార్‌లో చేరి క్రిమినల్ కేసులు చేశారు.

1946లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఎన్నుకున్నది ప్రజలు నేరుగా కాదు, రాష్ట్ర శాసనసభ్యులు. సభలో మొత్తం పదిహేనుమంది స్త్రీలు. సభాధ్యక్షుడు లేనప్పుడు సభను నడిపే వారి జాబితాలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ ఆమె. నియమావళి కమిటీలో, స్టీరింగ్ కమిటీలో కూడా పనిచేశారు. ఇవి పదవులు, వీటి గురించి ఇంతకన్నా చెప్పను. నేను చెప్పాలనుకున్నది రెండు మాటల గురించి.

1948 డిసెంబరు. మతస్వేచ్ఛకు సంబంధించిన అధికరణ చర్చకు వచ్చింది. ఇప్పుడు అది 25వ అధికరణ, ముసాయిదాలో 19వది. మతస్వేచ్ఛ ఉన్నంతమాత్రాన, సంఘ సంస్కరణ కోసం రాజ్యం చట్టం చేయడానికి అడ్డు లేదని అందులో ఒక క్లాజు. ప్రజలందరివీ అయిన హిందూ మత సంస్థలను హిందువులలోని ‘ఏ వర్గానికైనా, విభాగానికైనా’ తెరిచే చట్టం చేయవచ్చని ముసాయిదా చెప్పింది. వినడానికి ఇందులో లోపమేమీ కనిపించదు. ఉద్దేశం మంచిది, రాసినవాళ్లు మహానుభావులు. దుర్గాబాయి గారు లేచి, ‘ఏ వర్గానికైనా’ అన్న చోట ‘అన్ని వర్గాలకూ, విభాగాలకూ’ అని మార్చాలని సవరణ ప్రతిపాదించారు.

తేడా ఏమిటి? నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో ఒక రాజీ పత్రం చూశాను. కాలవ గట్టు వెంబడి దారి విషయంలో తగాదా. ఒక భూస్వామి పొలం దాటితే గాని పన్నెండు కుటుంబాల వాళ్లు తమ చేలకు వెళ్లలేరు. ‘దిగువ రైతులలో ఎవరికైనా దారి ఇవ్వడానికి అభ్యంతరం లేదు’ అని రాసుకున్నారు. రైతులు సంతోషంగా సంతకాలు చేశారు. మరుసటి వ్యవసాయానికి ఆయన ఇద్దరికి దారి ఇచ్చి, తక్కిన పదిమందికి గేటు వేశారు. పత్రం ప్రకారం ఆయన మాట తప్పలేదు. ‘ఎవరికైనా’ ఇస్తానన్నారు, ఇచ్చారు. ఆ పదిమంది మా సీనియరు గారి ఆఫీసు వరండాలో కూర్చుని, తాము సంతకం చేసిన మాటలో తప్పేముందో అర్థంకాక ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఇప్పటికీ నా కళ్లముందుంది. ఆ ఒక్క మాట వల్ల తొమ్మిదేళ్లు దావా నడిచింది.

‘ఏ వర్గానికైనా’ అంటే ఒక వర్గానికి తెరిచి, ఇంకొక వర్గాన్ని బయటే నిలబెట్టే చట్టం కూడా ఆ మాటలో ఇమిడిపోతుంది. ‘అన్ని వర్గాలకూ’ అన్నాక ఆ సందు మూసుకుపోతుంది. ఇప్పుడు రాజ్యాంగం తెరిచి 25వ అధికరణ రెండో క్లాజులో ‘బి’ చూడండి. ఆమె కోరిన మాటే అక్కడ ఉంది.

ఆ మాట తర్వాత ఏం చేసిందో కూడా చెప్పాలి, ఎందుకంటే మన వృత్తిలో మాట విలువ తేలేది తీర్పులోనే. దక్షిణ కన్నడ ప్రాంతంలోని మూల్కిలో గౌడ సారస్వత బ్రాహ్మణుల వెంకటరమణ ఆలయం ఉంది. మద్రాసు రాష్ట్రం 1947లో చేసిన ఆలయ ప్రవేశ చట్టం తమకు వర్తించదని ధర్మకర్తలు దావా వేశారు. తమది ఒక ప్రత్యేక శాఖకు చెందిన ఆలయమని, తమ మత వ్యవహారాలు చూసుకునే హక్కు 26వ అధికరణ ఇచ్చిందని వాదన. 1957లో సుప్రీంకోర్టు దానిపై తీర్పు ఇచ్చింది. అది శాఖకు చెందిన ఆలయమేనని ఒప్పుకుంటూనే, 25వ అధికరణలోని ఆ క్లాజు ముందు 26వ అధికరణ హక్కు తగ్గవలసిందేనని చెప్పింది. కొన్ని ప్రత్యేక సేవలు మాత్రం ఆ శాఖవారికే ఉంచుకోవచ్చంది. గుడి తలుపు అందరికీ తెరుచుకుంది. ఆలయ ప్రవేశం మీద ఏ కేసు వచ్చినా ఇప్పటికీ ఆ తీర్పు చదవకుండా వాదన మొదలుపెట్టలేం. ఆ తీర్పు వెనుక ఉన్న క్లాజును ఆ రూపంలో నిలిపిన మనిషి, పన్నెండో ఏట దేవదాసీ స్త్రీల కోసం సభ పెట్టించిన మనిషి అని తలచుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఇప్పుడు మీ ‘నాలుగేళ్ల’ ప్రశ్నకు రండి. అల్లాడి వారి వంటి పండితుడికి ఈ తేడా తెలియదని నేను అనడం లేదు. ఆయన దృష్టి సమాఖ్య స్వరూపం మీద, న్యాయస్థానాల అధికారాల మీద, అంతకన్నా పెద్ద చట్రం మీద ఉంది. ముసాయిదాలోని ఒక మాటను చదువుతూ, ఈ మాట పట్టుకుని వచ్చే మనిషిని గుమ్మం దగ్గర ఎవరు ఆపగలరు అని ఆలోచించడానికి ఆపిన చేయి, ఆగిన కాలు రెండూ తెలిసి ఉండాలి. అది ఆమెకు జీవితం నేర్పింది. ఆ ఆలోచనను సవరణ రూపంలో రాసి, సభ నియమాల ప్రకారం ప్రవేశపెట్టి, నెగ్గించుకోవడం వకాల్తా నేర్పింది. దానికి నాలుగేళ్లు చాలాయి.

ఇంకొక సవరణ, 1949 మే నెలలో. పార్లమెంటు సభ్యుడికి ఉండవలసిన కనీస వయసు నిర్ణయిస్తున్నారు. లోక్‌సభకు పాతిక, రాజ్యసభకు ముప్పై అయిదు అని ప్రతిపాదన. దాన్ని ముప్పైకి తగ్గించాలని దుర్గాబాయి గారు సవరణ తెచ్చారు. తెలివి వయసును బట్టి రాదని, ఇప్పటి పిల్లలు చిన్న వయసులోనే పౌరహక్కులు, బాధ్యతలు తెలుసుకుంటున్నారని ఆమె వాదన. సభ ఒప్పుకుంది. ఇప్పుడు 84వ అధికరణలో ఉన్న ముప్పై ఏళ్లు ఆమె పుణ్యమే. ఆ రోజు ఆమె వయసు ముప్పై తొమ్మిది దాటింది. ఆ సవరణ వల్ల తనకు ఒరిగేదేమీ లేదు. మీ అమ్మాయికి మాత్రం ఒరుగుతుంది, అందుకే ప్రత్యేకించి చెప్పాను.

జాతీయ భాష చర్చలో ఆమె హిందీ, ఉర్దూ కలిసిన వాడుక భాష హిందుస్తానీ పక్షాన మాట్లాడారు. చిన్నప్పటి నుంచి తోటి ఆడపిల్లలకు హిందీ నేర్పిన మనిషి కాబట్టి, దక్షిణాది వాళ్లు ఇష్టంతో నేర్చుకున్న భాషను వాళ్ల నెత్తిన రుద్దేలా చేయవద్దని చెప్పగల అధికారం ఆమెకు ఉంది. ఆ వాదన నెగ్గలేదు.

రాజ్యాంగం అమల్లోకి వచ్చాక అదే సభ తాత్కాలిక పార్లమెంటుగా కొనసాగింది. హిందువుల పెళ్లి, వారసత్వ చట్టాలను సంస్కరించే హిందూ కోడ్ బిల్లు కోసం ఆమె గట్టిగా నిలబడ్డారు. బిల్లు ముందుకు సాగక అంబేద్కర్ గారు 1951లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో దుర్గాబాయి గారు పోటీచేసి ఓడిపోయారు. ఆమె జీవితంలో నన్ను ఎక్కువ బాధపెట్టే ఘట్టం ఇదే. హిందూ వివాహ చట్టం 1955లో, వారసత్వ చట్టం 1956లో పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు, ఎనిమిదేళ్ల పెళ్లికూతురుగా ఆ చట్టం లేకపోవడం ఎలా ఉంటుందో అనుభవించిన ఈ వకీలు సభలో లేరు. 1956 చట్టం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతో వచ్చే హక్కు ఇవ్వలేదు. ఆ లోటును మన ఆంధ్రప్రదేశ్ 1986లో సవరణ చేసి పూడ్చుకుంది, దేశమంతటికీ అది 2005లో గాని రాలేదు. ఆమె ఉండి ఉంటే ఇది ముందే జరిగేదని నేను రుజువు చేయలేను. అయినా ఆ సభలో ఆమె కుర్చీ ఖాళీగా ఉండిపోవడం దేశానికి నష్టమని గట్టిగా నమ్ముతాను.

ఎన్నికల్లో ఓడిన ఆమెను నెహ్రూ గారు ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. అక్కడే ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ గారితో సాన్నిహిత్యం పెరిగి, 1953 జనవరి 22న పెళ్లి చేసుకున్నారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సేవా సంస్థల కోసం నాలుగు కోట్ల రూపాయలు కేటాయింపజేశారు. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. 1958లో స్త్రీ విద్యపై జాతీయ కమిటీకి నాయకత్వం వహించారు. పద్మవిభూషణ్ 1975లో వచ్చింది.

ఆ ఏళ్లలో ఆమె చేసిన ఒక పని మాత్రం నేరుగా మా కోర్టు ఆవరణలోకి వచ్చి నిలబడింది. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూశారు. తిరిగి వచ్చి నెహ్రూ గారితోనూ, బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కర్ గార్లతోనూ మాట్లాడి, మనకూ అలాంటివి కావాలని వాదించారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. ఆమె 1981 మే 9న కన్నుమూశారు, చూసుకోలేకపోయారు.

ఆ చట్టంలో పదమూడో సెక్షను ప్రకారం, కుటుంబ న్యాయస్థానంలో వకీలును పెట్టుకోవడం కక్షిదారు హక్కు కాదు, కోర్టు అనుమతి ఉంటేనే. ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నించాలని తొమ్మిదో సెక్షను. ఆచరణలో ఈ రోజు చాలా చోట్ల మేము హాజరవుతూనే ఉన్నాం. అయినా నెలకు ఒకటి రెండుసార్లు నేను చూస్తాను. ఒకావిడ ఒళ్లో పిల్లాడిని, భుజాన సంచిని పెట్టుకుని వచ్చి, ఎవరి సాయం లేకుండా న్యాయమూర్తి ముందు తన మాట తానే చెబుతుంది. ‘నెలకు ఎంత కావాలమ్మా’ అని అడిగితే, బియ్యం, పాలు, బడి ఫీజు, బస్సు చార్జీ వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతుంది. అంత స్పష్టంగా ఆమె పక్షాన నేను కూడా వాదించలేను. జైల్లో నోరులేని ఆడవాళ్ల కోసం వకీలైన మనిషి, ఆడవాళ్లు తమ నోటితో తామే మాట్లాడగల కోర్టు కావాలని కోరారు. పదమూడో సెక్షను వల్ల మా వృత్తికి నష్టమని సహచరులు అన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఇక మీ ఇంటి సంగతి. ఒక తల్లిగా మీ భయం నాకు అర్థమవుతుంది. చేతిలో వృత్తి లేకుండా రాజకీయాల్లోకి వెళ్లిన పిల్ల, ఎవరి దయ మీదో బతకవలసి వస్తుందేమోనని మీ బెంగ. ఆ బెంగలో న్యాయముంది. కానీ పదిహేనేళ్లు అని గడువు పెట్టకండి. పదిహేనేళ్లు వాయిదాలు తీసుకుంటూ, కక్షిదారు ముఖం చూడకుండా ఫైలు మాత్రమే చూసినవాళ్లు మా బార్‌లోనే ఉన్నారు. గడువుకు బదులు పని చెప్పండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్లో పేరు నమోదు చేయించుకుని, రెండేళ్లు జైళ్లకు వెళ్లమనండి. 1987 న్యాయసేవల చట్టం పన్నెండో సెక్షను ప్రకారం ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. హక్కు ఉందని తెలియని వాళ్ల దగ్గరకు వెళ్లి ఆ మాట చెప్పడమే సగం పని. వాంగ్మూలాలు వాళ్లకు తెలుగులో చదివి వినిపించమనండి. ఏదో ఒక సెషన్స్ కేసు మొదటి రోజు నుంచి తీర్పు దాకా వదలకుండా చేయమనండి. వీటితోపాటు ప్రభుత్వం ఏ బిల్లు ప్రవేశపెట్టినా, పత్రికల్లో వచ్చిన వార్త కాకుండా అసలు ముసాయిదా తెచ్చుకుని, ‘ఏదైనా’, ‘అన్నీ’, ‘చేయవచ్చు’, ‘చేయాలి’ అన్న మాటల కింద గీతలు గీసుకుంటూ చదివే అలవాటు చేసుకోమనండి.

రాజ్యాంగ సభ చర్చలు పార్లమెంటు వెబ్‌సైటులోనే ఉచితంగా దొరుకుతాయి. ఏడో సంపుటంతో మొదలుపెట్టమనండి, 1948 డిసెంబరు చర్చలు అందులో ఉన్నాయి. వెతికేటప్పుడు దేశ్‌ముఖ్ అని వెతికితే ఆమె కనిపించరు. అప్పటికి ఆ పెళ్లి కాలేదు. జి. దుర్గాబాయి అన్న పేరుతో వెతకాలి.